పడుగు అవతలి కొస

కార్తీక మాసం ముగియవస్తున్న బుధవారం, పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా వీధిలో మళ్ళీ పడుగు చాపాం. టైము చూసింది నేను కాదు, మా మనవరాలు. ఫోనులో చూసి, "అమ్మమ్మా, ఆరూ ఇరవై, గుర్తుపెట్టుకో" అంది. దానికి ప్రతి పనికీ టైము చూసుకునే అలవాటు. నాకు ఎండ ఏ ఇంటి గోడ దాకా వచ్చిందో చూసుకోవడమే అలవాటు.

పడుగంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చీరలో నిలువునా వెళ్ళే దారాలన్నీ కలిపి పడుగు. అడ్డంగా వచ్చేది పేక. మగ్గానికి ఎక్కించేముందు పడుగుకి గంజి పట్టించాలి. పట్టించకపోతే నేతలో దారాలు పుటుక్కున తెగుతాయి. ఈ పని ఇంట్లో అయ్యేది కాదు. వీధి పొడుగునా వెదురుకర్రలు కత్తెరల్లా నిలబెట్టి, వాటి మీద దారాలన్నీ పక్కపక్కనే పరిచి, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు తాడు పట్టుకుని బిగిస్తూ వదులుతూ నిలబడాలి. మధ్యలో ఇద్దరు మనుషులు బారెడు కుంచె పట్టుకుని గంజి దువ్వుకుంటూ నడుస్తారు. ఎండ ముదిరితే గంజి ముందే ఆరిపోయి దారాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అందుకే తెల్లవారుతూనే మొదలుపెట్టాలి.

మా పెళ్ళయిన ఏడాది నుంచీ ఆ కొసన మా ఆయన, ఈ కొసన నేను. ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్ళికి ముందూ బావే, పెళ్ళయ్యాకా బావే. మా పుట్టిల్లు దివిసీమ, మోపిదేవికి దగ్గర్లో పల్లె. అక్కణ్ణుంచి నన్ను పెడన పక్కనున్న ఈ ఊరికి తీసుకొచ్చారు. మాట్లాడటం ఆయనవల్ల అయ్యే పని కాదు. అన్నం తింటూ "ఉప్పు" అంటాడు. తక్కువైందో ఎక్కువైందో నేనే తేల్చుకోవాలి. కానీ పడుగు దగ్గర ఆయన వేరే మనిషి. చలికాలం మంచులో ఆ కొస నాకు కనపడేది కాదు, కేకేసినా సరిగా వినపడేది కాదు. ఆయన అక్కడ తాడు సర్దుకుంటే ఇక్కడ నా మణికట్టులో తెలిసేది. దారాలన్నీ కలిసి ఒక్కసారి వణికేవి. బిగించమంటున్నాడో వదలమంటున్నాడో, చుట్ట వెలిగించుకోవడానికి ఆగాడో, ఆకలేస్తోందో, రాత్రి నేనన్న మాటకి ఇంకా కోపంగా ఉన్నాడో, అన్నీ ఆ వణుకులోనే ఉండేవి. నేను కవిత్వం రాయడంలేదు. పడుగు పట్టిన ఏ ఆడదాన్ని అడిగినా ఇదే చెబుతుంది.

ఆయన పోయేనాటికే మా వీధిలో పడుగులు చాపడం ఆగిపోయింది. గంజి పెట్టి చుట్టేసిన పడుగులు బందరు నుంచి ఆటోలో రావడం మొదలైంది. వీధికి సిమెంటు రోడ్డు పడింది. రోడ్డు నిండా బైకులు చేరాయి. ఆయన పోయాక ఆయనవి చాలానే మిగిలాయి. పంచెలున్నాయి, చెప్పులున్నాయి, గోడకి ఫోటో ఉంది. వాటిని చూస్తే నాకేమీ కాదు. ఫోటో దగ్గర ఏడవవేంటని కొందరు అడిగారు కూడా. ఆ ఫోటోలో ఆయన స్టూడియోవాడి కోటు వేసుకుని, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు చూస్తుంటాడు. నాకు కావలసింది ఆ మనిషి కాదు. నాకు కావలసింది ఆ వణుకు. ఒక్కసారి మళ్ళీ నా మణికట్టు దాకా రావాలి. మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసినప్పుడు కూడా ఇదే అడిగాను. పక్కన నిలబడ్డావిడ సంతానం కోసం మొక్కుకుంటోంది. ఆ స్వామి సంతానం ఇచ్చే స్వామి అని నాకూ తెలుసు. అయినా అడిగాను.

ఇక మా మనవరాలి సంగతి. మా పెద్దమ్మాయి కూతురు. పెద్దమ్మాయిని గుడివాడ ఇచ్చాం. అక్కడ మొగుడూ పెళ్ళాం టైలరింగు షాపు నడుపుతారు. షాపు పనిలో పిల్లని చూసుకోలేక చిన్నప్పుడు నా దగ్గర వదిలారు. నాకు అక్షరాలు చెప్పింది అదే. అప్పుడది రెండో తరగతి, నేను యాభై దాటిన మనిషిని. నేను మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, అది గుంట గట్టు మీద కూర్చుని సుద్దముక్కతో గట్టు మీదే రాసి చూపించేది. తప్పు రాస్తే నెత్తిన మొట్టేది. బడిలో టీచరు దాన్ని ఎంత గట్టిగా మొట్టేదో నన్నూ అంత గట్టిగా మొట్టేది. ఇవాళ ఈ మాత్రం రాస్తున్నానంటే ఆ మొట్టికాయల చలవే.

ఆ పిల్ల పెద్దదై హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. ఏం పరిశోధనో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గుడివాడలో ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ "కంప్యూటర్లండీ" అనేస్తుంది. ఆ కార్తీకంలో ఉన్నట్టుండి నా దగ్గరికి వచ్చింది. వచ్చి తిండి తినడం, పడుకోవడం, అంతే. "ఏమే, ఒంట్లో బాలేదా?" అంటే, "బొమ్మ రావట్లేదు అమ్మమ్మా" అంది. ఏం బొమ్మో చెప్పలేదు.

నేను మోపిదేవిలో అభిషేకానికని మా పుట్టింటికి, తమ్ముడి దగ్గరికి బయల్దేరుతుంటే అదీ వస్తానంది. బందరులో చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కాం. కిటికీ పక్క నేను, పక్కన అది. కోతకొచ్చిన వరి రెండు పక్కలా రోడ్డు మీదికి వాలి ఉంది. బస్సు గతుకుల్లో మమ్మల్ని ఎత్తి కుదేస్తోంది. అప్పుడడిగాను.

"ఏ బొమ్మే రానిది?"

"చెప్తే నవ్వకూడదు."

"నవ్వితే ఏం చేస్తావు, మొడతావా?"

అది మొదలుపెట్టింది. "ఒక రాయి ఉంటుంది. నల్లగా మెరుస్తూ పొరలు పొరలుగా ఉంటుంది. దానికి టేపు అంటించి పీకుతాం. పీకగా పీకగా ఎక్కడో ఒక్క పొర మిగులుతుంది. మూడు అణువుల మందం."

"టేపా?"

"టేపే. షాపులో అమ్మేదే."

"ఇన్నేళ్ళు చదివి టేపు అంటించి పీకుతున్నావా? ఆ మాట మీ అమ్మతో మాత్రం అనకు."

వెనక సీటులో గేదెల దాణా మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి కిసుక్కున నవ్వాడు. పిల్ల పట్టించుకోలేదు.

"నీ తల వెంట్రుక ఉంది చూడు. దాన్ని లక్ష పొరలుగా చీలిస్తే అందులో ఒక పొర మందం ఉంటుంది."

"నా వెంట్రుకలు ఇప్పటికే అలా తయారయ్యాయి లే."

"విను అమ్మమ్మా. ఆ పొరలో అణువులన్నీ నేతలో దారాల్లా పక్కపక్కనే కుదురుకుని ఉంటాయి. ఒకచోట కదిలిస్తే ఒక్కటే కదలదు. అన్నీ కలిసి ఊగుతాయి. ఆ ఊపు పొర మీద అలలా వెళ్తుంది. సెకనుకి లక్ష కోట్లసార్లు ఊగుతుంది."

"లక్ష కోట్లా?" అన్నాడు వెనక పెద్దమనిషి ముందుకి వంగి. "అది బడ్జెట్టు అంకె గదమ్మా పాపా."

"ఆ అంకేనండీ. ఒక్క సెకనులో."

"ఎవరు లెక్కపెట్టారమ్మా అన్నిసార్లు?"

"మేమేనండీ."

"జీతం బానే ఇస్తారా మరి?"

"ఇవ్వరండీ."

"అదీ సంగతి" అని ఆయన తృప్తిగా వెనక్కి వాలాడు. చల్లపల్లిలో దిగిపోతూ, "జాగ్రత్తమ్మా, అంత చదువు ఒంటికి పడదు" అని చెప్పి మరీ దిగాడు.

బస్సు చల్లపల్లి దాటాక మిగతాది చెప్పింది. అంత వేగంగా ఊగేదాన్ని ఏ కెమెరా పట్టుకోలేదట. అందుకని చాలా పొట్టి వెలుగు ముక్కలు వాడతారట. ఒక వెలుగు ముక్కతో పొరని తట్టడం, ఆ వెంటనే ఇంకో వెలుగు ముక్క పంపి చూడటం. అల వెళ్ళిన చోట, పొర మీద పడి తిరిగొచ్చే వెలుగు రవ్వంత మారుతుంది. తట్టకముందు తీసిన బొమ్మ ఒకటి, తట్టాక తీసిన బొమ్మ ఒకటి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే అల.

"ఒకసారి తడితే ఒక్క క్షణమే దొరుకుతుంది అమ్మమ్మా. అందుకని మళ్ళీ తట్టి, ఈసారి పిసరంత ఆలస్యంగా చూస్తాం. మళ్ళీ తట్టి ఇంకాస్త ఆలస్యంగా. అలా కోట్లసార్లు తట్టి, ఆ బొమ్మలన్నీ వరసపెడితే అల నడుస్తున్నట్టు కనపడుతుంది."

"అయితే నువ్వు చూసేది ఒక అల కాదన్నమాట."

"కాదు. కోట్ల అలలు. అందుకే ప్రతిసారీ ఒకేలా ఊగాలి. ఊగకపోతే బొమ్మంతా అలుక్కుపోతుంది. నా పొర ఒకేలా ఊగట్లేదు. వెలుగు పడీ పడీ కొన్ని మాడిపోతున్నాయి. కొన్నిటి కింద గాలి బుడగ ఉండిపోతోంది. ఎన్ని పీకానో నాకే తెలీదు."

దాని గొంతు మారింది. నేను దాని మొహం చూడకుండా వేరే మాట అడిగాను. నిజానికి అది ఓదార్పు కోసం అడిగింది కాదు, నాకే తెలుసుకోవాలని ఉంది.

"ఒక్క అణువు ఊగితే ఆ ఊపు దానిది. అన్నీ కలిసి ఊగితే ఆ ఊపు ఎవరిదే?"

పిల్ల నాకేసి తిరిగింది. "ఏ ఒక్కదానిదీ కాదు. మేం దాన్నే ఒక మనిషిలా లెక్కేస్తాం. దానికి వేరే పేరు, వేరే బరువు, వేరే నడక. పొర లేకపోతే అది లేదు. అలాగని పొరలో ఏ అణువుని పట్టుకుని వెతికినా అందులో దొరకదు."

నేను కిటికీ వైపు తిరిగాను. పంచెల్లో, చెప్పుల్లో, ఫోటోలో ఇన్నాళ్ళూ ఆయన నాకెందుకు దొరకలేదో బస్సులో కూర్చుని తెలిసింది. నాకు కావలసింది ఆయనలోనూ లేదు, నాలోనూ లేదు. పడుగు మీద ఉండేది. పడుగు చాపితే గదా ఉండటానికి!

"మన వీధిలో పడుగు చాపుదామే" అన్నాను.

"ఎందుకు?"

"ఊరికే. ఆ కొసన నువ్వుందువుగాని."

దానికి వెంటనే అనుమానం వచ్చింది. "అమ్మమ్మా, దారాలు వేరు, అణువులు వేరు. అది చూసినంత మాత్రాన నా బొమ్మ రాదు."

"నీ బొమ్మ కోసమని ఎవరన్నారే? నా కోసం. మీ తాతయ్య తాడు సర్దుకుంటే నాకు ఇవతల చేతుల్లో తెలిసేది. అది ఇంకోసారి కావాలి నాకు."

పిల్ల నా చెయ్యి తీసుకుని మణికట్టు దగ్గర వేలు పెట్టి చూసింది, నాడి చూసినట్టు. "ప్రతిసారీ ఒకేలా రావాలంటే కష్టం అమ్మమ్మా" అని మాత్రం అంది. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

మా ఇంట్లో గంజి కుంచె ఎప్పుడో చెదలు తినేసింది. మా తమ్ముడు కూడా వయసులో నేసినవాడే. వాడి ఇంటి అటక మీద ఒకటి ఉండాలి. అభిషేకం అయ్యాక అడిగాను. వాడు విషయమంతా విని కాళ్ళు చాపుకుని నవ్వాడు.

"మోకాళ్ళకి నూనె రాసుకునే వయసులో వీధిలో పడుగు సాగదీస్తావా అక్కా?"

"నిన్ను సాగదీయమనలేదురా. కుంచె దించు."

"దించుతా. దించాక దువ్వేదెవరు? నువ్వా?"

"నువ్వే."

"అదీ చెప్పు! కుంచె వంకతో మనిషినే ఎత్తుకుపోతున్నావన్నమాట" అని మా మరదలికేసి చూశాడు. ఆవిడ, "తీసుకెళ్ళండి వదినగారూ, నాలుగు రోజులు నాకు ప్రశాంతం" అంది. వాడు అటకెక్కి కుంచె దించి దుమ్ము దులిపాడు. గడ్డివేళ్ళతో కట్టిన కుంచె, ఇంకా గట్టిగానే ఉంది. దులుపుతూ దులుపుతూ వాడు నవ్వడం మానేశాడు. బావ దగ్గరే వాడు పని నేర్చుకున్నది.

తిరిగొచ్చిన సాయంత్రం పిల్ల లాప్‌టాప్ తెరిచి దాని బొమ్మ నాకు చూపించింది. నేను ఏదో సముద్రం కనపడుతుందనుకున్నాను, మంగినపూడిలోలాగ. తెర మీద బూడిదరంగు మరక ఉంది.

"ఇదా? తడి గ్లాసు పెట్టి తీసిన గుర్తులా ఉంది."

"ఇదే. నడుమ తట్టాం. చుట్టూ ఉంగరాల్లా వెళ్తోంది, చూడు."

మళ్ళీ వేయించుకుని చూశాను. నడుమ నుంచి ఒక ఉంగరం లేచి వెడల్పవుతూ వెళ్తోంది. దాని వెనక ఇంకొకటి. అంచు దాకా రాకముందే చుక్కలు చుక్కలుగా చెదిరిపోయింది.

"అవతలికి చేరిందా?"

"చేరిందనే నా నమ్మకం. చూపించలేకపోతున్నా. అదే నా గోల."

"మళ్ళీ వెయ్యి."

అది విసుక్కోకుండా వేసింది. వంట వేళ మించిపోయేదాకా చూశాను. ప్రతిసారీ అంచు దగ్గర కళ్ళు చిట్లించాను. నమ్మకంతో చూస్తే చేరినట్టే ఉంది. పిల్లతో ఆ మాటంటే, "అలా చూడకూడదు, నమ్మకం ఉంటే ఏదైనా కనపడుతుంది" అని కసిరింది.

ఈ సంగతి తెలిసి మా పెద్దమ్మాయి గుడివాడ నుంచి రైల్లో దిగింది. దిగుతూనే మొదలు. "దానికైతే బుద్ధి లేదు, నీకేమైందమ్మా? అది చదువు పాడుచేసుకుని ఇక్కడ కూర్చుంటే నువ్వు దానికి తాడిచ్చి వీధిలో నిలబెడతావా? సిమెంటు రోడ్డు మీద కర్రలెలా పాతుతారు?"

కర్రల సంగతి నిజమే. దానికి ఉపాయం మా పక్కింటాయన చెప్పాడు. ఆయన మా ఆయనతో కలిసి నేసినవాడు, నేను అన్నయ్యా అని పిలుస్తాను, మా వీధిలో ఇంకా మగ్గం వదలనిది ఆయనొక్కడే. ఖాళీ పెయింటు డబ్బాల్లో ఇసక నింపి అందులో వెదురుకర్రలు గుచ్చాడు. గంజి పెట్టని చిన్న పడుగు ఒకటి తనే సిద్ధం చేసి ఇచ్చాడు. ఇస్తూ, "చెల్లెమ్మా, గంజి పాడైందంటే ఈ పడుగు నీ మెడకే చుడతా" అన్నాడు.

"చుట్టు. కాస్త వెచ్చగా ఉంటుంది" అన్నాను.

బుధవారం పొద్దున బాగా మంచు పట్టింది. వీధివాళ్ళు బైకులు తీసి అవతల పెట్టుకున్నారు. దారాలు పరిచి, తాళ్ళు బిగించి, నేను నా కొసన నిలబడ్డాను. పిల్ల ఆ కొసన కరెంటు స్తంభం దగ్గర. మంచులో అది నాకు కనపడటంలేదు. తాడు చేతికి చుట్టుకోగానే నా ఒళ్ళంతా చెవులైంది.

"తట్టవే ఒక్కటి!" అని కేకేశాను.

తట్టింది. వణుకు వచ్చింది. దారాలన్నీ కలిసి వణికి, కర్రల మీదుగా ఒకటొకటిగా దాటుకుంటూ నా చేతిదాకా వచ్చింది. వచ్చింది గాని అది తట్టడం, అంతే. అందులోంచి గాలిని తీసేశాను. అన్నయ్య కర్ర సర్దిన కుదుపు తీసేశాను. మధ్యలో కుక్క తగిలిన కుదుపు తీసేశాను. మిగిలింది పిల్ల చెయ్యి. నాకు కావలసింది పిల్ల చెయ్యి కాదు.

"ఇంకోటి! కొంచెం నెమ్మదిగా!"

మళ్ళీ తట్టింది. అదీ కాదు. మళ్ళీ కేకేశాను, మళ్ళీ తట్టింది.

"ఒకేలా తడుతున్నానా అమ్మమ్మా?" అని మంచులోంచి అరిచింది.

"ఏదీ ఒకేలా లేదే!"

"నా పొరా అంతే!"

వీధంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంత చేసి, ఇంతమందిని లేపి, ఇక రాదనుకున్నాను.  మా తమ్ముడు కుంచె గంజిలో ముంచి నిలబడ్డాడు.

"అక్కా, ఇలా తట్టించుకుంటూ కూర్చుంటే గంజి చల్లారిపోతుంది."

"కానీండి" అన్నాను.

పని మొదలైంది. మొదలైతే అదొక్కటే ఉంటుంది. తమ్ముడొక పక్క, అన్నయ్యొక పక్క కుంచె పట్టుకుని ఆ కొస దాకా వెళ్ళి వస్తున్నారు. పెద్దమ్మాయి గంజి గిన్నె పట్టుకుని వాళ్ళ వెనకే తిరుగుతోంది. "నా షాపులో బ్లౌజులు పడున్నాయి, నేనిక్కడ గంజి మోస్తున్నా" అని ఒక మాటా, "మామయ్యా, అక్కడ ముద్ద కట్టింది చూడు" అని ఒక మాటా. ఒక దారం తెగింది, ముడేశాను. ఇంకోటి తెగింది. ఎండ ఎదురింటి పిట్టగోడ దిగింది. మంచు పలచబడింది గాని ఆ కొస ఇంకా మసకగానే ఉంది. నిజం చెప్పాలంటే అప్పుడు నేను ఆయన్ని మర్చిపోయాను. ఎందుకు చాపామో కూడా మర్చిపోయాను. గంజి ఆరకముందే పూర్తవ్వాలి, అంతే.

ఆరేకొద్దీ పడుగు బిగుస్తుంది. బిగిసింది. చేతులు లాగేస్తున్నాయి. అప్పుడొచ్చింది. తట్టడం కాదు. ఎవరో బరువు ఒక పక్కకి వేసి, ఒక్క క్షణం ఆపి, మెల్లగా ఇటు వదిలినట్టు. నా మణికట్టు గుర్తుపట్టింది. నేను గుర్తుపట్టేలోపే నోరు కేకేసింది.

"బావా, వదులు!"

కుంచె ఆగింది. మా తమ్ముడు తల వంచుకుని గంజి కారుతున్న కుంచెనే చూస్తున్నాడు. పెద్దమ్మాయి గిన్నె పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.  ఎవరి ఇంట్లోనో మిక్సీ తిరుగుతోంది, అది కూడా ఆగింది.

"వదిలాను అమ్మమ్మా!" అని వినపడింది ఆ కొస నుంచి. పడుగు వదులైంది. సరిగ్గా ఎంత కావాలో అంతే.

అన్నయ్య నాకేసి చూడకుండా, "కానీండి, కానీండి, ఎండొచ్చేస్తోంది" అన్నాడు. మళ్ళీ కుంచె కదిలింది.

పనయ్యాక పడుగు చుట్టి అన్నయ్య ఇంటికి పట్టుకెళ్ళారు. గంజి బాగానే పట్టింది. మెడకి చుట్టే అవసరం రాలేదు. పిల్లా నేనూ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాం. దాని అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"అమ్మమ్మా, ఇందాక బావా అన్నది నన్నేనా?"

"ఆ కొసన ఉన్నది నువ్వేగా."

అది టీ గ్లాసు కింద పెట్టింది. "వచ్చిందా?"

"వచ్చింది."

"తాతయ్యదేనా?"

"అప్పుడేం చేశావో అది చెప్పు ముందు."

"ఏం చెయ్యలేదు. చేతులు మంటెక్కితే తాడు భుజం మీదికి మార్చుకున్నా."

"మళ్ళీ అలాగే మార్చుకోగలవా?"

పిల్ల తన చేతులు చూసుకుంది, భుజం చూసుకుంది. అక్కడ కూర్చునే ఒకసారి మార్చుకున్నట్టు చేసింది. అది కాదని దానికే తెలిసింది. "ఎలా మార్చుకున్నానో చూసుకోలేదు అమ్మమ్మా. చూసుకుని ఉండాల్సింది." గ్లాసు పక్కకి జరిపి, "రేపు మళ్ళీ చాపుదాం. కుడి భుజం, ఎడమ భుజం, నిలబడే తీరు, అన్నీ ఒక్కోటి మార్చి చూద్దాం. ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. నా పనే అది గదా" అంది. నిజంగానే చేసేది. ఎన్ని రోజులైనా నిలబడేది. దాని కళ్ళలో ఆ పట్టుదల చూశాను. వచ్చినప్పటి నుంచి లేనిది అది.

"నీ పొరని తట్టుకో, కోట్లసార్లు" అన్నాను. "అది భరిస్తుంది. నాకిది చాలు."

చాలలేదు. ఇప్పటికీ చాలలేదు. వచ్చి అలా వెళ్ళిపోయిన ఆ కాస్త వణుకు, రాకుండా ఉన్నన్నాళ్ళకంటే ఎక్కువ బాధ పెడుతోంది. కొన్ని రోజులు పొద్దున లేవగానే మణికట్టు రుద్దుకుంటాను. కానీ చాలు అని చెప్పకపోతే ఆ పిల్ల వెళ్ళేది కాదు. శుక్రవారం గుడివాడలో హైదరాబాదు రైలెక్కింది. వెళ్ళాక ఫోను చేసి, కొత్తగా టేపు పీకితే బుడగ లేని పొర ఒకటి వచ్చింది, చూడాలి అంది. అంచు దాకా చేరితే ముందు నాకే చూపించమన్నాను.

ఆ బుధవారం పొద్దున మా వీధిలో ఎవరెవరున్నారంటే: ఈ కొసన నేను. ఆ కొసన నా మనవరాలు. కుంచెకి ఎడమ పక్క మా తమ్ముడు, కుడి పక్క పక్కింటి అన్నయ్య. గంజి గిన్నెతో మా పెద్దమ్మాయి. దారాలు దాటలేక పాల క్యానుతో గోడకి ఆనుకుని నిలబడిపోయిన పాలావిడ. బైకు తీయనని ముందు పేచీ పెట్టి, తర్వాత పెయింటు డబ్బాలు కదలకుండా కాళ్ళతో అదిమిపట్టిన ఎదురింటి కుర్రాళ్ళిద్దరు. మిక్సీ ఆపి గుమ్మంలోకి వచ్చిన వాళ్ళమ్మ. మధ్యలో అడ్డం వచ్చిన ఒక కుక్క. అంతే. ఆయన లేడు. పనయ్యాక కరెంటు స్తంభం దాకా నడిచివెళ్ళి చూసి వచ్చాను.